కృష్ణమ్మకు రెండు సముద్రాలు

మహాబలేశ్వరంలోని పంచగంగ ఆలయం దగ్గర కృష్ణ, కోయన, వెన్న, గాయత్రి, సావిత్రి నదులు పుట్టాయని భక్తుల విశ్వాసం. వీటిలో సావిత్రి పడమటికి దిగి, కొంకణం మీదుగా అరేబియా సముద్రంలో కలుస్తుంది. అదే సముద్రం కృష్ణ పుట్టిన చోటికి 64 కిలోమీటర్ల దూరమే. అయినా కృష్ణమ్మ తూర్పుకు తిరిగి 1400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది.

కారణం నేల వాలు. సహ్యాద్రి పడమట గోడలా తెగి ఉంటే, తూర్పున దక్కను పీఠభూమి మెల్లగా వాలుతుంది. త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరిదీ అదే దారి. వింధ్య, సాత్పురాల మధ్య లోయ పట్టిన నర్మద మాత్రం పడమటికి పోతుంది. దేశ భూభాగంలో నాలుగింట మూడొంతులకు పైగా ప్రాంతపు నీరు చేరేది బంగాళాఖాతానికే.

ఈ సహజ విభజనను మనిషి రెండు వైపులా మార్చాడు. 1895లో పెరియార్ ఆనకట్టతో కేరళ వైపు పోయే నీటిని సొరంగం ద్వారా తూర్పుకు తిప్పి మదురై ప్రాంత పొలాలకు ఇచ్చారు. కృష్ణా బేసిన్‌లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముంబయికి కరెంటు కోసం భీమా ఉపనదుల మీద టాటాలు జలాశయాలు కట్టి, నీటిని కొంకణం వైపు దించారు. ముల్షీలో భూములు కోల్పోయే రైతులు 1921లో సత్యాగ్రహం చేశారు. ఆ తర్వాత కోయన జలవిద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. అక్కడ టర్బైన్లు తిప్పిన నీరు వాశిష్ఠి నదిలో పడి అరేబియా సముద్రానికి పోతుంది.

ఏటా ఇలా మళ్లించే నీటికి, కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రైబ్యునల్ పరిమితి పెట్టింది: కోయనకు 67.5 టీఎంసీలు, టాటాలకు 42.6. మొత్తం 110 టీఎంసీలు. అదే ట్రైబ్యునల్ కృష్ణా డెల్టాకు ఇచ్చింది 181.2 టీఎంసీలు. పోల్చి చూస్తే ఆ మళ్లింపు ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇది మహారాష్ట్ర వాటాలోదే, చట్టబద్ధమైనదే. కానీ అసలు ప్రశ్న వాటా గురించి కాదు. బేసిన్‌లో పొలానికి పారిన నీటిలో కొంత ఇంకి, ఊరి, తిరిగి నదికే చేరుతుంది. బచావత్ అలాంటి పునరుత్పత్తి జలాలను 70 టీఎంసీలుగా లెక్కగట్టి అప్పటి మూడు బేసిన్ రాష్ట్రాలకూ పంచింది. కొండ అవతలికి దింపిన నీటిలో ఒక్క చుక్కా వెనక్కి రాదు.

కొంకణం వైపు దించితే వందల మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి కరెంటు ఎక్కువ వస్తుందన్నది నిజమే. అయితే కరెంటుకు ఇవాళ సౌర, పవన విద్యుత్తులు ఉన్నాయి. వరి మడికి నీళ్లు తప్ప మరో దారి లేదు. అందుకే కరవు ఏడాదుల్లో ముందుగా తగ్గించాల్సింది బేసిన్ దాటే నీటినే. తగ్గే కరెంటును దిగువ రాష్ట్రాలు కలిసి మహారాష్ట్రకు సమకూర్చాలి. నాగార్జునసాగర్ దగ్గర తెలుగు రాష్ట్రాలు తమలో తాము తగవులాడుకోవడం కంటే, ఈ ఒప్పందాన్ని ఉమ్మడిగా అడగడం రైతుకు ఎక్కువ మేలు చేస్తుంది.