ఔషధ పరీక్షల లెక్కల్లో ‘ఆర్’ పాగా

హైదరాబాద్: ఔషధ ప్రయోగ పరీక్షల గణాంకాల విశ్లేషణలో దశాబ్దాలుగా ‘సాస్’ సాఫ్ట్‌వేర్‌దే పైచేయి. అమీర్‌పేటలో దానిని అభ్యసించి కొలువులు పొందినవారు ఎందరో. ఉచితంగా లభించే ‘ఆర్’ ఇప్పుడు దానికి పోటీగా నిలుస్తోంది.

ఫలానా సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నిబంధన లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే స్పష్టం చేసింది. 2021లో ‘ఆర్ కన్సార్టియం’ ప్రయోగాత్మకంగా ‘ఆర్’తో రూపొందించిన నివేదికను ఆ సంస్థకు సమర్పించింది. రోష్, జీఎస్‌కే చొరవతో వెలువడిన ‘అడ్మిరల్’ ప్యాకేజీ, పరీక్షల్లో సేకరించిన సమాచారాన్ని విశ్లేషణకు అనువైన పట్టికలుగా మారుస్తుంది. కోడ్ బహిరంగం కనుక లెక్కను ఎవరైనా సరిచూడవచ్చు.

అయితే ప్యాకేజీ కచ్చితత్వాన్ని నిర్ధారించుకోవలసిన బాధ్యత వాడే కంపెనీదే. లెక్క తప్పితే మూల్యం చెల్లించేది రోగి. కాబట్టి అభ్యర్థులు ఒక్క ‘సాస్’నే నమ్ముకోక, ‘ఆర్’తో పాటు గణాంకశాస్త్ర మూలాలనూ, సీడిస్క్ ప్రమాణాలనూ ఆకళింపు చేసుకోవడం అవసరం.