డాక్టరు చీటీ అచ్చులో వస్తే సరిపోతుందా?

బీదర్‌లో మా బడికి వచ్చే తల్లిదండ్రులు పిల్లల మార్కులు అడిగాక జేబులోంచి మందుల చీటీ తీస్తారు. 'సార్, ఇదేం రాశారో కాస్త చూడండి' అంటారు. హైదరాబాదు డాక్టరు రాసిన చీటీ బీదర్ మందుల షాపులో అర్థం కాక వెనక్కి తెచ్చినవారూ ఉన్నారు. బీఈడీలో ఈ చదువు నేర్పలేదు!

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నియమం పెట్టింది. అంతకుముందే దీనికోసం పోరాడినవారిలో నల్గొండ ఫార్మసిస్టు ఒకరున్నారు. 2025 ఆగస్టులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇంకా ముందుకెళ్లి, చదవగలిగే చీటీ రాజ్యాంగం 21వ అధికరణ కింద రోగి హక్కు అంది. కంప్యూటర్ చీటీలు వచ్చేదాకా పెద్ద అక్షరాల్లోనే రాయాలంది.

కంప్యూటర్ చీటీ మంచిదే. ఇ-సంజీవని ద్వారా డాక్టరును సంప్రదిస్తే చీటీ ఫోనుకే వస్తుంది, పోదు, చిరగదు. అయితే ఆ ఫోను తండ్రి జేబులో పనికి వెళ్తుంది, జ్వరం బిడ్డతో తల్లి ఇంట్లో ఉంటుంది. ఇంకో చిక్కుంది. జాబితాలో పొరపాటున పక్క మందు నొక్కితే, ఆ తప్పు కూడా అందంగా అచ్చవుతుంది. గిలికిన అక్షరమైతే షాపువాడు అనుమానించి అడుగుతాడు, అచ్చును ఎవరు అనుమానిస్తారు?

అసలు మాట భాషది. 'బీడీ' అంటే రోజుకు రెండుసార్లు, 'హెచ్ఎస్' అంటే పడుకునే ముందు. 'ఓడీ' అంటే రోజుకు ఒకసారి, కంటి వైద్యంలో అదే కుడి కన్ను కూడా కావచ్చు. లాటిన్ నుంచి వచ్చిన ఈ పొట్టి రాతలు ఎంత చక్కగా అచ్చయినా కన్నడ, ఉర్దూ, మరాఠీ, తెలుగు కలిసి బతికే ఈ జిల్లాలో ఏ తల్లికి అర్థమవుతాయి? మందు పేరు ఇంగ్లీషులో ఉండనివ్వండి. ఎప్పుడు, ఎంత, ఎన్ని రోజులు అన్నది మాత్రం రోగి భాషలో ఉండాలి. కంప్యూటరుకు ఇది కష్టం కాదు, మన భాషను ఆ పట్టికలో చేర్చమని ఎవరో అడగాలి.

అందాకా చీటీ ఫోనులో వచ్చినా ఒక ప్రింటు తీసి ఇంట్లో ఉంచండి. మోతాదును షాపులోనే అట్టపై తెలుగులో రాయించుకోండి. బడిలో మధ్యాహ్నం మాత్ర వేయమనేవారు పిల్లల పేరు, వయసు, మోతాదు ఉన్న ఆ ప్రింటు నకలు మాకూ ఇవ్వండి. నోటిమాట మీద మాత్ర వేయడానికి నాకు ధైర్యం చాలదు.