దేశాటనం – విద్యార్థి

విద్య కోసం ఇల్లు విడిచి వెళ్ళడం భారతీయులకు కొత్త కాదు. పూర్వం తక్షశిలకు, నలందకు, కాశికి నడిచి వెళ్ళిన విద్యార్థులు ఉన్నారు. నేడు ఆ బాటలు సముద్రాలను దాటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పట్టణాల నుండే కాక పల్లెల నుండి కూడా యువతీయువకులు ఉన్నత విద్య కోసం జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, ఐర్లండ్, బ్రిటన్ మొదలైన ఐరోపా దేశాలకు తరలి వెళుతున్నారు. విమానాశ్రయంలో వీడ్కోలు పలికే తల్లిదండ్రుల ఆశ ఒక్కటే. తమ బిడ్డ మంచి పట్టాతో, ఆ పైన మంచి ఉద్యోగంతో స్థిరపడాలి. ఆ ఆశలో దోషం లేదు. అయితే పట్టా ఒక్కటే లక్ష్యమైతే అంత దూరం వెళ్ళవలసిన అవసరం ఏమిటి? పాఠ్యాంశాలు నేడు అన్ని దేశాలలోనూ ఇంచుమించు ఒకటే. గ్రంథాలు, ఉపన్యాసాలు ఇంటి వద్దనే లభిస్తున్నాయి. ఇంటి వద్ద లభించనిది ఏదో అక్కడ ఉండాలి. దానిని గుర్తించిన విద్యార్థికే విదేశీ విద్య సఫలమవుతుంది.

ఐరోపాలో చదువుకూ ప్రయాణానికీ విడదీయరాని సంబంధం ఉన్నది. 1088లో స్థాపితమైనదిగా చెప్పబడే ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయానికి నానాదేశాల విద్యార్థులు వచ్చేవారు. వారు తమ తమ దేశాలను బట్టి సంఘాలుగా ఏర్పడి, ఒకరికొకరు అండగా ఉండేవారు. అప్పటి పరిస్థితులలో పరదేశి అంటే రక్షణ లేనివాడు. ఒకడు అప్పు ఎగవేస్తే అతని దేశానికి చెందిన మరొకరి నుండి ఆ సొమ్ము రాబట్టే ఆచారం ఉండేది. 12వ శతాబ్ది మధ్యకాలంలో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఒక శాసనం చేసి, విద్య కోసం ప్రయాణించేవారిని ఈ బాధ నుండి విముక్తులను చేశాడు. చదువుకొనే బాటసారికి రాజ్యం రక్షణ కల్పించాలన్న భావన అంత పాతది.

పోలండ్‌లో 1473లో జన్మించిన కోపర్నికస్ క్రాకోలో చదివి, 1496లో ధర్మశాస్త్రం అభ్యసించడానికి బొలోన్యా చేరాడు. అక్కడ ఖగోళశాస్త్రజ్ఞుడైన నోవారా సాహచర్యంలో నక్షత్రాలను పరిశీలించాడు. తరువాత పాదువాలో వైద్యం చదివాడు. చివరకు 1503లో ఫెర్రారాలో పుచ్చుకొన్న పట్టా మాత్రం ధర్మశాస్త్రంలోనే. ఆ పట్టాను నేడు ఎవరూ స్మరించరు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని 1543లో అచ్చయిన గ్రంథంలో అతడు చెప్పిన సత్యాన్ని లోకం మరువలేదు. పరదేశంలో విద్యార్థికి దక్కే అసలైన సంపద ఒక్కొక్కసారి పాఠ్యప్రణాళికకు వెలుపల ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

హాలెండ్ పండితుడు ఎరాస్మస్ కూడా ప్యారిస్‌లో చదివి, ఇంగ్లండులో, ఇటలీలో, స్విట్జర్లాండులో నివసించినవాడే. ఐరోపా దేశాలు 1987లో విద్యార్థుల పరస్పర వినిమయం కోసం ప్రారంభించిన పథకానికి ఆయన పేరే పెట్టారు. మొదటి సంవత్సరం 11 దేశాల నుండి 3,244 మంది విద్యార్థులు మాత్రమే అందులో పాల్గొన్నారు. నేడు ఆ పథకం ద్వారా ప్రయాణించిన వారి సంఖ్య కోటి దాటింది. 2004లో ప్రారంభమైన ఎరాస్మస్ ముండుస్ ద్వారా భారతీయులకు కూడా ఈ అవకాశం కలిగింది. ఒకే కోర్సును రెండు మూడు దేశాలలో చదవడం దీని ప్రత్యేకత.

ఇక నేటి తెలుగు విద్యార్థి పరిస్థితిని పరిశీలించాలి. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అధికభాగం బోధనా రుసుము వసూలు చేయవు. ఇది ఎందరినో ఆకర్షిస్తున్న విషయం. అయినా ఆ చదువు ఉచితం కాదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులపై 2017 నుండి సెమిస్టరుకు 1,500 యూరోల రుసుము విధించింది. వీసా కోసం ఒక సంవత్సరపు జీవనవ్యయాన్ని ముందుగానే బ్లాక్డ్ అకౌంటులో జమచేయాలి. 2024లో ఆ మొత్తాన్ని 11,904 యూరోలుగా నిర్ణయించారు. అంటే పది లక్షల రూపాయలకు పైమాటే. సామాన్య కుటుంబాలకు ఈ సొమ్ము పొలం తాకట్టు వల్లనో, బ్యాంకు రుణం వల్లనో సమకూరవలసిందే. అక్కడికి చేరిన విద్యార్థి తరగతి గదిలో ఉన్నా, వంటగదిలో ఉన్నా ఆ అప్పు అతని మనస్సును వీడదు.

ఈ ఒత్తిడిలో విద్యార్థులు రెండు విధాలైన పొరపాట్లకు లోనవుతున్నారు. మొదటిది, ముడుచుకొని బ్రతకడం. తరగతి, పార్ట్‌టైమ్ ఉద్యోగం, తెలుగు మిత్రులతో కలిసి ఉండే గది. ఈ మూడింటి మధ్యనే రెండు సంవత్సరాలు గడిచిపోతాయి. పొరుగింటివారి పేరైనా తెలియకుండానే పట్టా చేతికి వస్తుంది. రెండవది దీనికి పూర్తిగా విరుద్ధం. సెలవులు దొరికితే చాలు, వారం రోజులలో ఐదు రాజధానులను చుట్టి రావడం. ప్రతిచోటా ఒక ఫోటో, ఆ వెంటనే మరో రైలు. ఈ యాత్రలో కాళ్ళు అలసిపోతాయి గాని మనస్సు కదలదు. మొదటివాడు చూడలేదు. రెండవవాడు చూసీ చూడలేదు.

లండనులో న్యాయవిద్య అభ్యసించిన గాంధీజీ అనుభవం ఈ సందర్భంలో గమనింపదగినది. 1888లో లండను చేరిన తొలి రోజులలో ఆయన కూడా దొరలను అనుకరించాలని ఖరీదైన దుస్తులు కుట్టించుకొని, నాట్యం, వయొలిన్, ఫ్రెంచి భాష నేర్చుకోవడానికి డబ్బు వెచ్చించారు. కొన్ని నెలలకే మేల్కొని, పైసా పైసాకు లెక్క వ్రాయడం, బండి ఎక్కకుండా మైళ్ళ కొద్దీ నడవడం అలవరచుకొన్నారు. విద్యార్థి దశలోనే ఆయన ప్యారిస్ నగరాన్ని సందర్శించారు. చేతిలో పటం పట్టుకొని, ఎక్కువ భాగం కాలినడకనే ఊరంతా తిరిగారు. 1889 నాటి మహాప్రదర్శన కోసం నిర్మించిన ఐఫిల్ టవర్‌ను రెండు మూడుసార్లు ఎక్కారు. అంత ఎత్తున భోజనం చేశానని చెప్పుకోవడం కోసమే అక్కడ ఏడు షిల్లింగులు పారవేసినట్లు ఆయనే ఆత్మకథలో ఒప్పుకొన్నారు. ఆయన మనస్సులో నిలిచినవి మాత్రం ప్యారిస్‌లోని ప్రాచీన దేవాలయాలు. వాటిలోని ప్రశాంతత, మోకరిల్లిన భక్తుల శ్రద్ధ ఆయనను కదిలించాయి. ఒకే నగరంలో ఒకే విద్యార్థి ఒకచోట కేవలం తిరిగాడు, మరొకచోట చూశాడు. విద్యార్థి గ్రహించవలసిన భేదం ఇదే.

చూడడం అంటే స్థలాన్ని ప్రశ్నించడం. బెర్లిన్ నగరంలో హంబోల్ట్ విశ్వవిద్యాలయానికి ఎదురుగా ఒక విశాలమైన చౌకు ఉన్నది. దాని మధ్యలో నేలపై ఒక గాజు పలక అమర్చి ఉంటుంది. వంగి చూస్తే భూగర్భంలో తెల్లని ఖాళీ బీరువా అరలు కనిపిస్తాయి. దాదాపు 20,000 పుస్తకాలు పట్టే ఆ అరలలో ఒక్క పుస్తకమూ లేదు. 1933 మే 10వ తేదీన నాజీలు ఆ చౌకులోనే గ్రంథాలను తగులబెట్టారు. ఆ పనికి పూనుకొన్నవారిలో విద్యార్థి సంఘాలవారే ముందున్నారు. చదువుకొన్నవారే గ్రంథాలను దహించగలరన్న ఆ చేదు నిజం ఏ దేశపు విద్యార్థికైనా పాఠమే. అలాగే జర్మనీ వీధులలో ఇళ్ళ ముందు పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు కనిపిస్తాయి. నాజీల దౌర్జన్యానికి గురైనవారు ఆ ఇళ్ళలో నివసించారని అవి చెబుతాయి. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1990లలో ప్రారంభించిన ఈ స్మృతి చిహ్నాల సంఖ్య 2023 నాటికి లక్షకు చేరింది. ఒక జాతి తన అపరాధాన్ని తన వాకిలిలోనే వ్రాసి ఉంచుకోవడం గొప్ప విషయం. వాటిని తొక్కుకొంటూ రైలుకు పరుగెత్తే యాత్రికునికి ఈ పాఠం అందదు.

పరదేశంలో స్వదేశం ఎదురయ్యే సందర్భాలూ ఉన్నాయి. కృష్ణా తీరంలోని అమరావతి స్తూపం నుండి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పఫలకాలు మద్రాసు మీదుగా 1859లో లండను చేరాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చెందాయి. అక్కడ ప్రవేశ రుసుము లేదు. ఆ శిల్పాల ముందు నిలిచిన తెలుగు విద్యార్థికి రెండు భావాలు కలుగక మానవు. పూర్వుల శిల్పనైపుణ్యం ఇంత గొప్పదా అన్న గర్వం మొదటిది. ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి అన్న ప్రశ్న రెండవది. ఆ ప్రశ్న అతనిని చరిత్ర గ్రంథాల వద్దకు నడిపిస్తే, ఆ ఒక్క మధ్యాహ్నం ఒక సెమిస్టరుతో సమానం.

ఇక భాష విషయం. ఆంగ్లంలోనే బోధించే కోర్సులు ఉన్నాయి కనుక స్థానిక భాషతో పని లేదనుకోవడం నేటి విద్యార్థులలో తరచుగా కనిపించే ధోరణి. పరీక్షలకు అది చాలవచ్చు. జీవితానికి చాలదు. ఇల్లు అద్దెకు తీసుకోవడం, వైద్యుని సంప్రదించడం, ఉద్యోగం సంపాదించడం వంటి ప్రతి పనిలోనూ భాష అవసరం. అంతకుమించి, భాష రానివాడు ఎన్నేళ్ళున్నా అతిథిగానే మిగిలిపోతాడు. తెలుగువారికి ఈ సంగతి బోధించడానికి దూరం వెళ్ళనక్కరలేదు. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు నేర్చాడు. నశించిపోతున్న తాళపత్రాలను సేకరించి, పండితులను పోషించి, 1852లో తెలుగు – ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. ఆనాడు పరిపాలించిన అధికారులలో ఎందరి పేర్లు నేడు తెలుగువారికి తెలుసు? బ్రౌన్ పేరు మాత్రం తెలుసు. అందుకు కారణం అతని అధికారం కాదు, అతడు నేర్చిన భాష. హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధన చేసి 1926లో డాక్టరేటు పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి, ఆర్థిక ఇబ్బందులలో ఉన్న జామియా మిలియా బాధ్యతను 29 ఏళ్ళ వయస్సులో స్వీకరించారు. అక్కడి విద్యావేత్తల ఆలోచనలను ఇక్కడి అవసరాలకు అన్వయించారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అప్పుతో వెళ్ళిన విద్యార్థికి ఈ దర్శనాలు, భాషాభ్యాసాలు సాధ్యమా? తీరికా, సొమ్ము ఉన్నవారికి చెప్పవలసిన మాటలు కావా ఇవి? ఈ ఆక్షేపణలో న్యాయం ఉన్నది. జర్మనీలో విదేశీ విద్యార్థి సంవత్సరానికి 140 పూర్తి రోజులు పనిచేయడానికి 2024 నుండి అనుమతి ఉన్నది. ఆ రోజులన్నీ పనిచేసి, ఇంటికి డబ్బు పంపి, పరీక్షలలో ఉత్తీర్ణులయ్యే పిల్లలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఇక్కడ చెప్పిన వాటిలో ఖర్చుతో కూడినవి చాలా తక్కువ. బెర్లిన్ చౌకులోని గాజు పలకకు టిక్కెట్టు లేదు. వీధిలోని ఇత్తడి పలక చదవడానికి రుసుము లేదు. కూరగాయల అంగడిలో స్థానిక భాషలో రెండు మాటలు మాట్లాడడానికి ధైర్యం చాలు. పనిచేసే చోటే భాషకు బడి కాగలదు. ఐదు నగరాలకు పరుగెత్తే సొమ్ముతో ఒక్క నగరంలో ఐదు రోజులు ఉండవచ్చు. లోపించేది డబ్బు కంటె ఎక్కువగా జిజ్ఞాస.

దూరపు కొండలు నునుపు అన్న సామెత కూడా విద్యార్థి మరువరాదు. ఐరోపా స్వర్గం కాదు. శీతకాలంలో మధ్యాహ్నం దాటగానే కమ్ముకొనే చీకటి, ఒంటరితనం, అద్దె ఇళ్ళ కొరత, కొన్నిచోట్ల వలస వచ్చినవారి పట్ల వైముఖ్యం అక్కడి వాస్తవాలు. వాటిని ఇంటికి దాచిపెట్టి, నవ్వుతున్న ఫోటోలు మాత్రమే పంపడం వల్ల తరువాత వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మోసపోతారు. మంచిని మంచిగా, చెడును చెడుగా చెప్పగలగడం కూడా చదువులో భాగమే. అదే విధంగా తిరిగివచ్చి స్వదేశాన్ని ప్రతి మాటకూ కించపరచడం, లేదా పరదేశంలో ఉంటూ స్వదేశాన్ని గుడ్డిగా పొగడడం రెండూ అపరిపక్వతకు గుర్తులే. రెండు దేశాలనూ ఒకే తక్కెడలో తూచగల వివేకమే దేశాటన ఫలం.

ఈ వివేకం విమానం ఎక్కిన తరువాత అకస్మాత్తుగా కలిగేది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తన ఊరి గుడిలోని శాసనాన్ని ఒక్కసారైనా పరికించని విద్యార్థి రోము నగర శిథిలాలలో ఏమి చూడగలడు? 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా ఊళ్ళు, ధరలు, ఆచారాలు, బాటల తీరు వ్రాసుకొంటూ వెళ్ళాడు. అది తెలుగువారికి గొప్ప యాత్రాచరిత్ర అయింది. అతని వద్ద ఉన్నది చూసే కన్ను, వ్రాసే అలవాటు. ఇంటర్మీడియట్ విద్యార్థి ఆ రెండింటినీ నేడే, ఉన్న ఊరిలోనే అలవరచుకోవచ్చు. అప్పుడు అతడు రేపు ఏ దేశం వెళ్ళినా పట్టాతో పాటు ఒక లోకాన్ని వెంట తెచ్చుకొంటాడు. ఒకవేళ వెళ్ళలేకపోయినా, అతని చదువుకు లోటు ఉండదు.