ముందు రేకు, తర్వాతే సైలెన్స్

పాత కార్లు బాగుచేసే వీడియోలు చూడటం నాకో వ్యసనం. అందులోనూ 1965 ఫోర్డ్ మస్టాంగ్ అంటే మరీను. కానీ దాని డిక్కీ నిండా సౌండ్ షీట్లు అతికించేసి "ఇక చప్పుడే లేదు!" అని మురిసిపోయేవాళ్లతో నాకో పేచీ ఉంది.

అసలు చప్పుడు ఎక్కడిది? 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చిన ఈ కారులో, డిక్కీ అడుగున పెద్ద కంత ఉంచి, పెట్రోలు ట్యాంకుని పైనుంచి అందులోకి దించి, అంచుల వెంట స్క్రూలు బిగించారు. అంటే ట్యాంకు పైరేకే డిక్కీకి నేల! దానిమీద పల్చటి మ్యాట్ ఒక్కటే. సుమారు 60 లీటర్లు పట్టే ఆ రేకు డబ్బా రోడ్డు అదురుకి డప్పులా మోగుతుంది. నిండు కుండ తొణకదన్నట్టు, ఫుల్ ట్యాంకుతో అంత తెలియదు. సగానికి దిగిందా, లోపల పెట్రోలు ఊగడం కూడా వినిపిస్తుంది.

దీనికి మందు వైబ్రేషన్స్ క్లాసులో మనం చదువుకున్నదే. అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు షీటు అతికిస్తే రేకు కంపనం వేడిగా మారి అణిగిపోతుంది. దానిమీద నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేయాలి. తడి పీల్చే ఫెల్ట్ వేస్తే కింద తుప్పే. ట్యాంకు అంచుకీ బాడీకీ మధ్య సీలు సరిగా ఉంటే చప్పుడుతో పాటు వాసన కూడా తగ్గుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. నా పేచీ ఇక్కడే. ఈ కారు కూపే మోడల్లో డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఇనుప గోడ లేదు. అట్టలాంటి బోర్డు, సీటు, అంతే. వెనకనుంచి ఎవరైనా గట్టిగా గుద్ది ట్యాంకు చిట్లితే పెట్రోలు నేరుగా మనుషులున్న చోటికే వస్తుంది. అమెరికాలో ఇంధన వ్యవస్థ భద్రతకి నియమం 1968లో గానీ రాలేదు. వెనక గుద్దుడు పరీక్ష అందులో చేరింది 1976లో. సౌండ్ షీట్లేమో మంటని ఆపడానికి చేసినవి కావు.

"రేకు వేస్తే ఒరిజినాలిటీ పోతుంది కదా" అంటారు. మరి బ్యూటైల్ షీటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా? సీటు వెనక బిగించి, అంచులు సీల్ చేసిన స్టీలు రేకు బయటికి కనిపించను కూడా కనిపించదు. పైగా క్యాబిన్లోకి వచ్చే మోతని అదీ కొంత ఆపుతుంది.

కాబట్టి నా లెక్కలో వరస ఇదీ: ముందు స్టీలు రేకు, తర్వాత ట్యాంకు సీలు, ఆఖర్న డ్యాంపింగ్ షీట్లు. డిక్కీలో ట్యాంకుకీ మూత గొట్టానికీ మధ్య ఉండే రబ్బరు హోసుని మాత్రం ఏ షీటుతోనూ కప్పొద్దు. అది పగిలితే కంటికి కనబడాలి.

చెవికి ఇబ్బంది పోయినంత మాత్రాన ప్రమాదం పోయినట్టు కాదు. రేపు మనం డిజైన్ చేసేవాటికీ ఇదే లెక్క.