చెవిదా లోపం, గదిదా?

కొత్తింట్లో సామాను సర్దకముందు "ఏమండీ" అని పిలిచి చూశారా? ఆ పిలుపు గోడలకు తగిలి ఖంగుమంటుంది. దాన్నే రీసౌండు అంటాం. సామాను చేరాక తగ్గుతుంది గానీ, నున్నటి టైల్సు, గ్రానైటు, అద్దాల కిటికీలు ఉన్న హాల్లో పూర్తిగా పోదు. "గొంతు వినపడుతోందమ్మా, ఏమన్నావో తెలియటంలేదు" అని అత్తగారు అంటున్నారా? తొందరపడి చెవుడనుకోకండి.

మాట చెవికి మొదట నేరుగా వస్తుంది. వెనకే గోడలకూ కప్పుకూ తగిలిన శబ్దాలు చేరతాయి. సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చినవాటిని చెవి అసలు మాటతో కలిపేసుకుంటుంది. ఆలస్యంగా వచ్చేవి మాత్రం తరువాతి మాట మీద పడి అలికేస్తాయి. అరిచినా లాభం లేదు, రీసౌండూ పెరుగుతుంది. పడుచు చెవి ఆ గందరగోళంలోంచి మాటను ఏరుకోగలదు. వయసు మళ్లినవాళ్లకు కష్టం.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి 1895లో ఇదే చిక్కు వచ్చింది. ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసాల గదిలో ఒక్క మాట ఐదున్నర సెకన్లు మోగేది! వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు ఏం చేశాడనుకున్నారు? దగ్గర్లోని థియేటరు నుంచి సీట్ల మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి గదిలో పరిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గి, చివరికి సెకను పైచిలుకుకు దిగింది. ఒంటిమీది బట్టలూ శబ్దాన్ని పీలుస్తాయని గ్రహించి, ప్రయోగాలకు ఒకే రకం దుస్తులు వేసుకునేవాడట!

ఆయన లెక్కలతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో మొదలైంది. నిండు సభలో అక్కడి రీసౌండు రెండు సెకన్లకు కాస్త తక్కువ. వాద్యబృందానికి అది సొంపు. మాటకైతే సెకను దాటితే ఇబ్బందే.

మరి మనమేం చేయాలి? హాల్లో కుచ్చులు ఎక్కువ వచ్చేలా మందపాటి కర్టెన్లు కట్టండి. దివాను మీద పరుపు, దిండ్లు వేయండి. నేలమీద జంపఖానా పరవండి, పెద్దవాళ్లు జారకుండా, అంచు కాలికి తగలకుండా చూడండి. టీవీ తగ్గించి, దగ్గరగా కూర్చుని, ముఖం కనబడేలా నిదానంగా మాట్లాడండి. దగ్గరైతే నేరుగా వచ్చే మాటదే పైచేయి.

అప్పటికీ వినపడకపోతే చెవి డాక్టరుకు చూపించండి. మాట అందనివాళ్లు మొదట "ఊ" కొట్టి ఊరుకుంటారు, తరువాత కబుర్లకే రావటం మానేస్తారు. అంతదాకా రానివ్వకండి.