గడ్డపార మాకు, పాఠం మీకా?

బడుల్లో కూరగాయల తోటలు పెట్టాలని 2019లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. జాగ లేకుంటే డబ్బాలు, కుండీలు, డాబా అయినా సరేనంది. సికింద్రాబాద్ బస్తీ బడులకు డబ్బాలే దిక్కు! అయినా తోటకు మేం అడ్డం కాదు. మేం అడిగేదొక్కటే: తవ్వేదెవరు? నీళ్లు మోసేదెవరు? నీడన కూర్చొని రాసుకునేదెవరు?

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె పిల్లలకు ఒక పూట బడి, ఒక పూట తండ్రి పని అన్నాడు. జనం తిరగబడితే 1954లో ఆ పథకం పోయింది. తోట పేరుతో అది మళ్లీ రావొద్దు.

తోట పాఠమైతే మడి కొలిచి లెక్కలు నేర్పాలె. మొలక చూపి సైన్సు చెప్పాలె. మా అమ్మలు ఏరితెచ్చే గునుగు, తుమ్మి, పాయిలి కూరల్ని పిచ్చిమొక్కలనొద్దు. గడ్డపార వంతులవారీగా అందరి చేతికీ రావాలె, పంతులు చేతికీ! కాసిన కూర అందరూ ఒకే బంతిలో తినాలె. వండింది మా తల్లి అని ఎవరూ పళ్లెం తోయొద్దు. మధ్యాహ్న భోజనం వంటపనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

తల్లులారా, అన్నలారా! బడికి పోయి చూడండి. మన పిల్లల చేతిలో పార, చీపురు మాత్రమే కనిపిస్తే నిలదీయండి. చదువు చెప్పని తోట బడితోట కాదు, దొర పొలమే!