లెక్కలోకి రాని డిఫెండర్లు



ఆటల మీద రాస్తున్న ఈ వరుసలో ఇది ఆరో భాగం. ఈసారి ఆస్ట్రేలియా వెళ్దాం. మెల్‌బోర్న్‌లో, అడిలైడ్‌లో, పెర్త్‌లో పగలు చదువుకుంటూ రాత్రుళ్లు షిఫ్టులు చేసుకుంటున్న మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్లకి 'ఫుటీ' అంటే ఏంటో తెలిసే ఉంటుంది. మిగతావాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో మైదానమూ కోడిగుడ్డు ఆకారమే, బంతీ అదే ఆకారం. ఒక్కో జట్టుకి 18 మంది. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభం వైపు పోతే 1 పాయింటు. వెనక కాపలా కాసేవాళ్లు ఆరుగురు. గోల్ ముందు ఫుల్ బ్యాక్, ఆయనకి చెరో పక్కన ఒక బ్యాక్ పాకెట్. వాళ్లకి కాస్త ముందు సెంటర్ హాఫ్ బ్యాక్, చెరో పక్కన ఒక హాఫ్ బ్యాక్ ఫ్లాంకర్. వీళ్లే డిఫెండర్లు.

డిఫెండర్ పని ఎలాంటిదంటే, ఎదుటివాడు గాల్లోకి లేచి బంతి అందుకోబోతుంటే సరిగ్గా ఆ క్షణానికి పిడికిలితో దాన్ని తప్పించాలి. దీన్ని 'స్పాయిల్' అంటారు. వేలు ముందు తగిలితే ఫౌల్, ఆలస్యమైతే గోల్. రోజంతా అద్భుతంగా ఆడినా స్కోరు బోర్డు మీద అతని పేరున ఒక్క అంకె పడదు. అతను ఆపినవి ఎక్కడా కనపడవు, ఆపలేకపోయినవి మాత్రం అందరికీ కనపడతాయి.

అందుకే "అందరికంటే గొప్ప డిఫెండర్ ఎవరు?" అనే వాదన అక్కడ ఎప్పటికీ తెగదు. కొందరు 1930లలో కాలింగ్‌వుడ్‌కి ఆడిన జాక్ రీగన్ అంటారు. కొందరు కార్ల్టన్ స్టీఫెన్ సిల్వాగ్ని అంటారు, కొందరు అదే క్లబ్ బ్రూస్ డౌల్ అంటారు. కుర్రాళ్లయితే జీలాంగ్ మాథ్యూ స్కార్లెట్ అంటారు. ఎసెండన్ తరఫున 400 మ్యాచులు ఆడిన డస్టిన్ ఫ్లెచర్ పేరూ వస్తుంది. వీళ్లలో ఎవరినీ నేను తక్కువ చేయను. నా అభ్యంతరం ఈ జాబితా ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో అన్నదాని మీద.

1996లో లీగ్‌కి వందేళ్లు నిండాయని 'శతాబ్దపు జట్టు' ప్రకటించారు. దాని వెనక వరసలో ఉన్న ఆరుగురు వీళ్లు: బెర్నీ స్మిత్, సిల్వాగ్ని, జాన్ నికోల్స్, డౌల్, టెడ్ విటెన్, కెవిన్ మరే. ఇందులో నికోల్స్ అసలు డిఫెండరే కాదు. ఆయన రక్‌మన్, అంటే నడిమైదానంలో పైకెగరేసిన బంతి కోసం పోటీపడే పొడుగాటి మనిషి. పాతకాలంలో రక్‌మన్ అలసిపోతే బ్యాక్ పాకెట్‌లో కాసేపు సేదదీరేవాడు కదా అని అక్కడ పెట్టారు. అంటే జీవితమంతా బ్యాక్ పాకెట్‌లో చెమటోడ్చినవాళ్లని పక్కకు జరిపి ఆ కుర్చీని ఒక పెద్దమనిషి విశ్రాంతికి ఇచ్చారన్నమాట.

ఆ ఆరుగురిలో ఆబొరిజినల్ ఆటగాడు, అంటే ఆ నేల మూలవాసి, ఒక్కడూ లేడు. మొత్తం జట్టులో చూసినా రక్‌మన్ గ్రాహం 'పాలీ' ఫార్మర్ ఒక్కడే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ జట్టు మెల్‌బోర్న్ లీగ్‌లో ఆడినవాళ్లకే పరిమితం. 1897లో మొదలైన విక్టోరియా రాష్ట్రపు లీగ్ 1990లో పేరు మార్చుకుని 'ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్' అయింది. పేరు మారగానే దాని పాత చరిత్ర మొత్తం దేశపు చరిత్రయిపోయింది. దక్షిణ ఆస్ట్రేలియా లీగ్ మూలాలు 1877లో ఉన్నాయి, పశ్చిమ ఆస్ట్రేలియాది 1885. ఆ రెంటికీ 'లోకల్' అనే ముద్ర పడింది. ఫార్మర్ జాబితాలోకి రాగలిగాడంటే 1962 నుంచి 1967 దాకా జీలాంగ్‌కి వెళ్లి ఆడబట్టే. పెర్త్‌లోనే ఉండిపోయి ఉంటే ఆయనకీ ఆ తలుపు తెరుచుకునేది కాదు.

పెర్త్‌లోనే ఉండిపోయినవాడి కథ ఇప్పుడు చెప్తాను. పేరు బిల్ డెంప్సీ.

1942లో నార్తర్న్ టెరిటరీలోని బర్డమ్ అనే చోట పుట్టాడు. డార్విన్‌లోని రెట్టా డిక్సన్ హోమ్‌లో పెరిగాడు. అది మిశ్రమ సంతతి పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి ఉంచిన మిషన్ హోమ్. అలా ప్రభుత్వాలు తల్లుల ఒళ్లోంచి ఎత్తుకుపోయిన పిల్లల తరాలను అక్కడ 'స్టోలెన్ జనరేషన్స్' అంటారు. పెర్త్‌లోని సిస్టర్ కేట్స్ హోమ్‌లో పెరిగిన ఫార్మర్‌దీ దాదాపు అలాంటి బాల్యమే. డెంప్సీ 1960లో పెర్త్ చేరి వెస్ట్ పెర్త్ క్లబ్‌కి ఆడటం మొదలుపెట్టాడు. 1976 దాకా 343 మ్యాచులు ఆడాడు. 1969 ఫైనల్లో ఫార్మర్ కెప్టెన్‌గా, కోచ్‌గా ఉన్న వెస్ట్ పెర్త్ ఈస్ట్ పెర్త్‌ని ఓడించింది. ఆ రోజు మైదానంలో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే సింప్సన్ మెడల్ డెంప్సీదే. ఒక ఫైనల్లో ఆ మెడల్ డిఫెండర్‌కి రావడం ఎంత అరుదో ఆట తెలిసినవాళ్లని అడగండి. గోల్స్ కొట్టినవాడి మీదే ఎప్పుడూ చూపు పడుతుంది.

అతను ఏ దేశంలో ఆడాడో కూడా చూడాలి. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో 127వ సెక్షన్ అని ఒకటుండేది. దేశ జనాభా లెక్కించేటప్పుడు ఆబొరిజినల్ ప్రజలను ఆ లెక్కలో కలపకూడదని దాని సారాంశం. 1967 రెఫరెండంలో నూటికి 90 మందికి పైగా ఓటేసి దాన్ని తీసేశారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1944 నాటి చట్టం ఇంకొకటి ఉండేది. ఆబొరిజినల్ మనిషికి పౌరసత్వ సర్టిఫికెట్ కావాలంటే తనవాళ్లతో సంబంధాలు తెంచుకున్నానని చూపించుకోవాలి. అది 1971 దాకా బతికింది. డెంప్సీ ఆడిన మొదటి ఏడేళ్లూ అతని జనం రాజ్యాంగం లెక్కలో మనుషులు కారు. శనివారం వేలమంది అతని ఆటకి చప్పట్లు కొట్టేవాళ్లు, జనాభా లెక్కలో మాత్రం అతని జనానికి చోటు లేదు.

అతనికి ముందు నార్మ్ మెక్‌డొనాల్డ్ ఉన్నాడు. ఎసెండన్‌కి ఆడిన తొలి ఆబొరిజినల్ ఆటగాడు, హాఫ్ బ్యాక్ ఫ్లాంకర్. 1947 నుంచి 1953 దాకా 128 మ్యాచులు. 1951లో క్లబ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు గెలిచాడు. మెల్‌బోర్న్‌లోనే ఆడాడు కాబట్టి 'లోకల్' అనే సాకు ఇతని విషయంలో చెల్లదు. అయినా గొప్ప డిఫెండర్ల వాదనల్లో ఇతని పేరు ఎన్నిసార్లు విన్నారు?

2005లో ఆబొరిజినల్ ఆటగాళ్ల శతాబ్దపు జట్టు ప్రకటించారు. ఇందులో మెల్‌బోర్న్ గోడ లేదు, అన్ని లీగులూ లెక్కలోకి వచ్చాయి. వెనక వరసలో క్రిస్ జాన్సన్, డారిల్ వైట్, బిల్ డెంప్సీ. వాళ్ల ముందు గావిన్ వాంగనీన్, ఆడమ్ గూడ్స్, నార్మ్ మెక్‌డొనాల్డ్. జాన్సన్, వైట్ ఇద్దరూ 2001, 2002, 2003లలో వరుసగా మూడు కప్పులు గెలిచిన బ్రిస్బేన్ జట్టులో ఉన్నారు. గూడ్స్ రెండుసార్లు బ్రౌన్‌లో మెడల్ గెలిచినవాడు. బ్రౌన్‌లో అంటే అంపైర్లు మ్యాచు మ్యాచుకీ వేసే ఓట్లతో ఇచ్చే, లీగ్‌లోకెల్లా పెద్ద వ్యక్తిగత పురస్కారం. ఈ ఆరుగురినీ 1996 ఆరుగురి ఎదురుగా నిలబెట్టండి. ఎవరు గెలుస్తారో నేను పందెం కాయను. కానీ ఇది పోటీయే కాదని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ జట్టు వాళ్ల గౌరవం, వాళ్ల చరిత్ర. దాని మీద నాకు పేచీ లేదు. దాన్ని మిగతావాళ్లు వాడుకునే తీరు మీద పేచీ ఉంది. "వాళ్లకి వేరే జాబితా ఉందిగా" అని అసలు జాబితా తలుపు మూసేస్తారు. మన ఊళ్లలో హోటల్ వాడు కూడా ఇదే మాట అనేవాడు: "మీకు వేరే గ్లాసు పెట్టాంగా." టీ అదే, గ్లాసు వేరు. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకి ఈ వాదన కొత్తగా అర్థం చేయించనక్కర్లేదు.

ఇక పొగడ్తల సంగతి. ఆబొరిజినల్ ఆటగాడి గురించి కామెంటేటర్లు ఏళ్ల తరబడి వాడిన మాటలు 'మ్యాజిక్', 'పుట్టుకతో వచ్చిన విద్య', 'సహజ ప్రతిభ'. వినడానికి బాగుంటాయి. కానీ ఆలోచన, క్రమశిక్షణ, నాయకత్వం అనే మాటలు ఎవరికి దక్కాయో చూడండి. 1970లో అమెరికాలో ఇద్దరు సోషియాలజిస్టులు బేస్‌బాల్‌నీ వాళ్ల ఫుట్‌బాల్‌నీ పరిశీలించి, నడిమి స్థానాలు తెల్లవాళ్లకీ అంచు స్థానాలు నల్లవాళ్లకీ పోతున్నాయని చూపించారు. 1990ల చివర్లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మీద జరిగిన పరిశోధన కూడా దాదాపు ఇదే ధోరణి చూపించింది.

డిఫెండర్‌కి మ్యాజిక్ పనికిరాదు. ఎదుటివాడు ఎటు పరిగెడతాడో ముందే చదవాలి. పక్కవాణ్ని అరిచి సరైన చోట నిలబెట్టాలి. ఎప్పుడు తన మనిషిని వదిలి బంతి కోసం వెళ్లాలో ఆ క్షణంలో తేల్చుకోవాలి. అది బుర్రతో చేసే పని. అందుకే 'సహజ ప్రతిభ' అని పొగిడేవాళ్ల నోటికి ఆబొరిజినల్ డిఫెండర్ పేరు ఆఖరున వస్తుంది.

1993 గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 17న విక్టోరియా పార్క్‌లో జాతి దూషణలు విని విని, సెయింట్ కిల్డా ఆటగాడు నికీ విన్మార్ జెర్సీ పైకెత్తి తన నల్లటి ఒంటిని వేలితో చూపించాడు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. అదే ఏడాది బ్రౌన్‌లో మెడల్ గావిన్ వాంగనీన్‌కి వచ్చింది. వయసు 20. ఆ మెడల్ గెలిచిన మొదటి ఆబొరిజినల్ ఆటగాడు, అదీ చాలావరకు బ్యాక్ పాకెట్‌లో ఆడి! స్కోరు బోర్డుకి కనపడని చోట నిలబడి అంపైర్ల ఓట్లు గెలిచాడు. అతను పైకొచ్చింది కూడా 'లోకల్' అని చిన్నచూపు చూసిన దక్షిణ ఆస్ట్రేలియా లీగ్ నుంచే. తర్వాత 300 మ్యాచులు ఆడిన తొలి ఆబొరిజినల్ ఆటగాడయ్యాడు. 1997లో పోర్ట్ అడిలైడ్ జాతీయ లీగ్‌లోకి వచ్చినప్పుడు మొదటి కెప్టెన్ అతనే. విన్మార్ ఫొటో మనకి గుర్తుండటం మంచిదే. వాంగనీన్ ఆట గుర్తుండకపోవడం మంచిది కాదు. అవమానం ఎదురైనప్పుడు మాత్రమే మనల్ని గుర్తుపెట్టుకునే లోకానికి మన పనితనం కూడా గుర్తుండాలి.

"కులం, రంగు వదిలేసి అంకెలు చూడు అన్నా" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, నాకు తెలుసు. చూద్దాం. డెంప్సీ కాలంలో డిఫెండర్ చేసే పనికి అంకెలే వేసేవాళ్లు కాదు. లేని అంకెలతో ఎలా పోలుస్తారు? "పెర్త్ లీగ్ స్థాయి తక్కువ" అనేది రెండో మాట. 1977 అక్టోబర్ 8న పెర్త్‌లోని సుబియాకో మైదానంలో మొదటి స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్ జరిగింది. అంటే మెల్‌బోర్న్ క్లబ్బులు కొనుక్కుపోయిన ఆటగాళ్లు ఆ ఒక్క రోజు సొంత రాష్ట్రానికి ఆడొచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియా విక్టోరియాని 94 పాయింట్ల తేడాతో ఓడించింది. స్థాయి గురించి మాట్లాడేవాళ్లు ఆ స్కోరు ఒకసారి చూసుకోవాలి.

ఇదే ముక్క మన క్రికెట్‌లోనూ ఉంది. పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ అతనికి దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్ దాకా వచ్చింది. చేతి పనితనాన్ని పొగడటానికి సిద్ధపడినవాళ్లు బుర్రని ఒప్పుకోవడానికి అంత కాలం తీసుకున్నారు.

నా ఓటు అడిగారు కాబట్టి చెప్తాను. నా ఫుల్ బ్యాక్ సిల్వాగ్ని, అందులో నాకు అనుమానం లేదు. ఒక హాఫ్ బ్యాక్ ఫ్లాంక్ డౌల్‌ది, రెండోది మెక్‌డొనాల్డ్‌ది. సెంటర్ హాఫ్ బ్యాక్ విటెన్‌కే వదిలేస్తాను. ఒక బ్యాక్ పాకెట్ వాంగనీన్‌ది. ఇంకో బ్యాక్ పాకెట్‌లో నికోల్స్‌ని లేపి, 17 ఏళ్లు వెస్ట్ పెర్త్‌కి ఆడిన బిల్ డెంప్సీని నిలబెడతాను. అందరిలోకీ గొప్ప ఎవరంటే కూడా డెంప్సీ పేరే చెప్తాను. మీరు ఒప్పుకోకపోవచ్చు, వాదించండి. వాదనలోకి అతని పేరు రావడమే నాకు కావాల్సింది.

ఆస్ట్రేలియాలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ వాదన మీ హాస్టల్లోనో, మీరు పనిచేసే చోటో వస్తుంది. అప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. ఈ జాబితా ఏ లీగ్‌తో మొదలైంది? ఎవరు ఎంపిక చేశారు? జవాబు చెప్పేలోపే జాబితా మారడం మొదలవుతుంది.

వచ్చే భాగంలో పాలీ ఫార్మర్ గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.